గూడు తలుపు

చిరంజీవి బుజ్జికి,


నీ ఉత్తరం అందింది. ఆరు కోళ్లు పోయాయని చదివి ప్రాణం ఉసూరుమంది. చివర్లో మాంసంలో విషపు గుళికలు కలిపి తోట గట్టున పెడతానని రాశావు చూడు, అక్కడ నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వద్దు నాన్నా. ఆ ఎర ఏది తింటుందో నీ చేతిలో ఉండదు. చచ్చినదాన్ని పొడిచిన కాకీ పోతుంది, కాపలా కుక్కా పోతుంది, రేపు నీ కోళ్లే దాన్ని గీరుకుని తినొచ్చు.

ముంగిసే చేసిందంటున్నావు. అది పగలు తిరిగేది, నీ కోళ్లు పోయింది అర్ధరాత్రి. ఒక్కదాన్నీ తినకుండా చంపి పడేశాయంటే నాకు ఊరకుక్కల మీదే అనుమానం. అడవిపిల్లయితే ఒకదాన్ని నోట కరుచుకుని పోయేది. పైగా ముంగిసను చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఆ రాత్రి గూడు తలుపు వేశావా? ఆ ముక్క ఎక్కడా రాయలేదు. చీకటి పడితే కోడికి చూపు ఆనదు, అరవడమే గానీ పారిపోలేదు. పొద్దుగూకితే అవే గూటికి చేరతాయి, తలుపు వెయ్యడమొక్కటే మన పని. మా అమ్మ, ఇంట్లో చుట్టాలున్నా సరే, తలుపు వేశాకే దీపం వెలిగించేది. లెక్క తగ్గితే ముద్ద దిగేది కాదు. ఓసారి నల్లపెట్ట కనబడక మమ్మల్ని చెరువుగట్టు దాకా తిప్పింది. మూడు వారాలకు అది గడ్డివాములోంచి పిల్లల్ని వెంటేసుకుని దిగింది! గద్ద నీడ పడితే ఒక్క కూత పెట్టేది, పిల్లలన్నీ రెక్కల కిందే. నువ్వు తెచ్చిన గ్రామప్రియ రకం కోడిపిల్లలకు ఆ కూత పెట్టే తల్లేదీ? కాస్త ఎదిగేదాకా వాటిని గంప కిందే ఉంచు.

వేళకు తింటున్నావా? నువ్వు పంపిన ఫోటోలో బాగా చిక్కిపోయినట్టున్నావు.

గూటికున్న ఆ పల్చటి కోళ్ల వల కోడిని ఆపుతుంది గానీ కుక్క పళ్లను ఆపదు. వెల్డ్‌మెష్ వేయించి అడుగు లోతు నేలలోకి దించు. తలుపు కింద సందు ఉండకూడదు, గడియ గట్టిదై ఉండాలి. నువ్వు ఊళ్లో లేని రోజు తలుపు ఎవరు వేస్తారో ముందే చెప్పి వెళ్లు. పనివాడు వేశాడన్నా ఓసారి లాగి చూడు. నిద్రొస్తోందని వదిలెయ్యకు, నా తండ్రివి కదూ.

మెష్‌కు డబ్బు నేను పంపుతాను. గుళికల పొట్లం మాత్రం రేపే కొట్లో తిరిగిచ్చేసి, నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ