నల్లా నుంచి నాలాకు: మీ 20 వేల లీటర్లు ఎటు పోతున్నాయి?

హైదరాబాద్‌లో ఉచిత తాగునీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు, దాటితే దాటినంత నీటికే బిల్లు. బస్తీ ఇళ్లకు మీటరు తప్పనిసరి కాదు. మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకు ఆధార్ కలిపి ఉండాలి. ఇదంతా మీలో చాలామందికి తెలిసిందే. ఈ పాఠం ఆ తర్వాతి సంగతి గురించి. వాడేసిన నీళ్లు గడప దాటాక ఎటు పోతున్నాయి? మూసీ నది బాగుపడటానికీ మీ బాత్రూం పైపుకూ ఏం సంబంధం?

ఈ నీళ్లు ఎక్కడివి?

మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగరాన్ని ముంచేసింది, వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే చాలా ఏళ్లు నగరానికి తాగునీళ్లు ఇచ్చాయి.

ఇప్పుడు అవి చాలవు. మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు తెచ్చుకుంటున్నాం. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మోటార్లతో ఎక్కించుకుంటూ వస్తాయి. మనం ఒక్కసారి వాడి వదిలేశాక అవే నీళ్లు మూసీలో పడి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తాయి. వచ్చినప్పుడు తాగే నీళ్లు, పోయేటప్పుడు మురుగు.

లెక్క చూద్దాం. ఇంటికి వచ్చిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి పోతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. 20 వేల లీటర్లు వాడితే 16 వేల లీటర్ల మురుగు. అంటే ఒక్క ఇంటి నుంచి రోజుకు 500 లీటర్ల పైమాటే.

రెండు దారులు

నగరంలో నీళ్లు పోయే దారులు రెండు. ఒకటి మురుగు లైను. దీని మీద మ్యాన్‌హోళ్లు ఉంటాయి, ఇది శుద్ధి కేంద్రానికి పోవాలి. రెండోది వాననీటి నాలా. ఇది నేరుగా చెరువుకో మూసీకో పోతుంది, మధ్యలో శుభ్రం చేసేది ఏదీ ఉండదు. నల్లా, నాలా పలకడానికి దగ్గరగా ఉన్నాయి కానీ ఒకదానిది ఇంకోదానిలో కలవకూడదు.

చాలా బస్తీల్లో జరిగింది ఏమిటంటే, ఇల్లు ముందు వచ్చింది, మురుగు లైను తర్వాత వచ్చింది. లైను లేని రోజుల్లో పక్కనే ఉన్న నాలాలోకి పైపు పెట్టేశారు. లైను వచ్చాక కూడా పాత పైపు అలాగే ఉండిపోయింది. తప్పంతా ఇంటివాళ్లదే అనడం న్యాయం కాదు. కానీ ఆ పైపు అలా ఉన్నంతకాలం మూసీ ఒడ్డున ఎన్ని చెట్లు నాటినా, ఎన్ని లైట్లు పెట్టినా నది మాత్రం మారదు. శుద్ధి కేంద్రం తన దగ్గరికి వచ్చిన మురుగునే శుభ్రం చేయగలదు.

మీ ఇంట్లో చూసుకోవాల్సింది

బాత్రూం, వంటగది పైపు బయట ఎక్కడ ఆగుతుందో చూడండి. గోడ వెనక నాలా ఉంటే ముందు అక్కడ చూడండి. వాన లేని రోజున మీ ఇంటి వైపు పైపు నుంచి నాలాలోకి నీళ్లు కారుతుంటే సంగతి తెలిసిపోయినట్లే. తేలకపోతే బకెట్ నీళ్లలో కొంచెం నీలిమందు కలిపి బాత్రూంలో పోయండి, నాలా దగ్గర ఒకరిని నిలబెట్టండి. మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు తీయొద్దు, ఎవరినీ లోపలికి దింపొద్దు. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ లేకుండా మనుషులను మురుగు లైనులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

ఇంకో పొరపాటు దీనికి తలకిందులు. మిద్దె మీది వాననీటి పైపును మురుగు లైనులో కలిపేస్తారు. చిన్న పైపు అంత నీళ్లు పట్టదు. గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ పొంగి, వీధిలో పల్లాన ఉన్న ఇంట్లోకే మురుగు వస్తుంది. ఆ వాననీళ్లు ఇంకుడు గుంతకు పోవాలి.

“మా పైపు నాలాలో ఉందని చెబితే ఉచిత నీళ్లు ఆపేస్తారా?” ఈ భయంతోనే చాలామంది నోరు విప్పరు. పథకం షరతులు మీటరు, ఆధార్ గురించే. మురుగు పైపు ఎటు ఉందన్నది వాటిలో లేదు.

శుద్ధి కేంద్రంలో ఏం జరుగుతుంది?

ముందు జాలీల దగ్గర ప్లాస్టిక్, గుడ్డలు ఆగుతాయి, తర్వాత ఇసుక అడుగుకు చేరుతుంది. ఆ తర్వాత అసలు పని సూక్ష్మజీవులది. అవి మురికిని తింటాయి. వాడేసిన నూనె, యాసిడ్ ఎక్కువగా పోస్తే ఈ జీవులే చస్తాయి, అందుకే సింకులో పోయొద్దనేది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు శుభ్రం చేసే కేంద్రాలున్నాయి. అయినా చాలలేదు. జీహెచ్ఎంసీ పరిధిలో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, పాత కేంద్రాలన్నీ కలిపి శుభ్రం చేయగలిగింది 77.2 కోట్ల లీటర్లే. అందుకే 2021లో మరో 31 కేంద్రాలకు మంజూరు ఇచ్చారు.

దిగువన ఎవరున్నారు?

ప్రతాపసింగారం, కొర్రెముల, ఎదులాబాద్ వైపు రైతులకు మూసీయే ఆధారం. ఏడాది పొడవునా పారుతుంది, కాబట్టి వరి వేస్తారు, పశువులకు పారాగడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు తిరిగి నగరానికే వస్తాయి. ఆ రైతులకు నీళ్లు ఆపడం పరిష్కారం కాదు, వాళ్లకు కావలసింది శుభ్రమైన నీళ్లు. మోకాళ్ల దాకా ఆ మురుగులో దిగి నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్ల మీద దురద, పుండ్లు చూసినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎగువ సంగతి కూడా ఉంది. గండిపేట, హిమాయత్‌సాగర్‌లకు నీళ్లు వచ్చే వాగులను కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు, చెరువుల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు పెట్టారు. పైనుంచి మంచి నీళ్లు దిగకపోతే, వానలు లేని నెలల్లో నగరం మధ్య మూసీలో మన మురుగు తప్ప పారేదేమీ మిగలదు.

ఫిర్యాదు ఎలా?

జలమండలి నంబరు 155313. పొంగే మ్యాన్‌హోల్, మురుగు లైను కనెక్షన్, సెప్టిక్ ట్యాంకు శుభ్రం, వేటికైనా ఇదే. బిల్లు మీది క్యాన్ నంబరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. ఇల్లు దొరకడానికి గుర్తు చెప్పండి. ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. నాలాలోకి పైపులు ఒకే వరుసలో నాలుగైదు ఇళ్లకు ఉంటే అందరూ కలిసి అడగండి. ఒక్కో ఇంటికి విడిగా రోడ్డు తవ్వడం కన్నా వీధికి ఒకేసారి లైను వేయడం వాళ్లకూ తేలిక.