గట్టు మీద ఎలుకల వేట – తగాదా రాకుండా ఎట్లా?

మనలో చాలామంది ఇళ్ళలో ఎలుకలు పట్టే పని ఉంది. మా నాయన కూడా అదే పని చేస్తాడు. ఆ పనిలో ఎలుక కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇద్దరు ఆసాముల మధ్య ఉన్న గట్టు. అందుకని ఈసారి గోడ పత్రికకు దాని గురించే వ్రాస్తున్నాను.

ఎలుక గట్టులోనే ఎందుకుంటుంది?

చేను దున్నుతారు, నీళ్ళు పెడతారు. గట్టును మాత్రం ఎవరూ దున్నరు. అది పొడిగా ఉంటుంది, గడ్డి పెరుగుతుంది. ఎలుకకు అంతకంటే మంచి ఇల్లు ఏముంటుంది? మన పొలాల్లో ముఖ్యంగా పందికొక్కు, మెత్త ఎలుక, చిట్టెలుక ఉంటాయి. పందికొక్కు కలుగు బయట మట్టి కుప్ప పోసి ఉంటుంది. లోపల దారులు చాలా ఉంటాయి. ఒక నోరు ఒక చేలో ఉంటే, తప్పించుకునే మారు కలుగు పక్క చేలో ఉంటుంది. పందికొక్కు కడుపుతో ఉండేది సుమారు మూడు వారాలే. పత్తి కాయలో గింజ తింటుంది, దూదిని కలుగులోకి లాక్కుపోయి పిల్లలకు పరుపు వేస్తుంది. వరి కంకులు కోసి లోపల దాస్తుంది.

నేను చూసిన తగాదా

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూసినది చెప్తాను. మాది సాగర్ కుడి కాలువ కింద ఊరు. గట్టుకు తూర్పున ఒక ఆసామి పత్తి, పడమర ఇంకో ఆసామి మిరప. ఇద్దరూ వరసకు బావా బావమరదులు. పత్తి ఆసామి మా నాయనను పిలిచాడు. తోకల లెక్కన కూలి మాట్లాడుకున్నారు. నాయన కలుగు నోటికి పొగ కుండ పెట్టి ఊదాడు. పొగ పోయి మిరప చేలో లేచింది. ఎలుకలు అటే ఉరికినాయి. కుక్క, మా చిన్నాయన వాటి వెంట పడ్డారు. మిరప మొక్కలు విరిగినాయి. తవ్విన చోట గట్టు కూడా తెగింది.

"ఎవర్నడిగి నా చేలో దిగార్రా?" అని మిరప ఆసామి అరిచాడు.

"ఎలుక నా పత్తి తిని నీ చేలో దాక్కుంటే నన్నేం చేయమంటావు బావా?" అని పత్తి ఆసామి అన్నాడు.

గట్టు నాదంటే నాదని మాట పెరిగింది. చివరికి ఇద్దరూ మా నాయన మీదికి తిరిగారు. కలుగులో దొరికిన మినుములు చూపించి దొంగసొమ్ము అన్నారు. ఆ రోజు కూలి ఇవ్వలేదు.

మిత్రులారా, ఆ మాట మనకు ఊరికే తగలదు. పుట్టుకను బట్టి కులాలను నేరస్థులని వ్రాసుకునే చట్టం 1871లో వచ్చింది. 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వారిని స్టువార్టుపురంలో పెట్టింది ఆ కాలంలోనే. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని మాట ఇంకా గట్టు మీద తిరుగుతూనే ఉంది. అందుకే పని మొదలుకాక ముందే అన్నీ మాట్లాడుకోవాలి అంటాను.

మా తాత చేసినది

మర్నాడు మా తాత ఇద్దరు ఆసాములనూ గట్టు మీదికి పిలిచాడు. "అయ్యా, ఒక పక్క ఊదితే ఎలుక ఇంకో పక్క చేరుద్ది. రేపు మళ్ళీ వస్తది. ఇద్దరూ ఒకేరోజు చెప్పండి, రెండు పక్కలా మేము కాపు కాస్తాం" అన్నాడు. వ్యవసాయ శాఖవారు కూడా ఇదే చెబుతారు. ఊరంతా ఒకేసారి చేయనిదే ఎలుకల నివారణ నిలవదు. వాళ్ళు చెప్పేది ఇంకొకటి ఉంది. మొదటి రోజు కలుగులన్నీ మట్టితో మూయాలి. మర్నాడు తెరుచుకున్నవే ఎలుక ఉన్న కలుగులు. ఇట్లా చేస్తే గట్టంతా తవ్వే పని ఉండదు.

ఆసాములు ఒప్పుకున్నారు. మూడో రోజు పని జరిగింది. పాత కూలి కూడా ఇచ్చారు.

గుర్తుంచుకోవలసినవి

1. తవ్వే ముందు రెండు పక్కల ఆసాములనూ అడగాలి.
2. కూలి ఎంత, కలుగులో గింజలు ఎవరివి అన్నది ముందే నలుగురి ఎదుట చెప్పుకోవాలి.
3. సర్వే రాయి దగ్గర గునపం వేయరాదు.
4. తవ్విన చోట మట్టి వేసి తొక్కి, గట్టు సరిచేసి రావాలి.
5. గట్టు సన్నగా, గడ్డి లేకుండా ఉంచమని ఆసాములకు చెప్పాలి.
6. ఉడుము, కుందేలు, అడవిపంది గట్టు మీద కనబడినా పట్టరాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, తరమడం కూడా వేటే. ఆ జంతువు ఏ ఆసామిదీ కాదు.
7. పందుల కోసం గట్టు మీద కరెంటు తీగ పెట్టడం అన్నిటికంటే పాపం. చీకట్లో నీళ్ళు కట్టబోయిన పక్క చేను మనిషి ప్రాణం పోతుంది.

మన పని చిన్నది కాదు

మద్రాసు దగ్గర ఇరుళులు అనే గిరిజనులున్నారు. వాళ్ళు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. ఆ విషంతో పాముకాటుకు మందు తయారవుతుంది. వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అనుమతి, లెక్క ఉన్నచోట అదే వేట గౌరవమైన పని అయింది.

ఇద్దరిదీ అనుకున్న గట్టును ఇద్దరూ పట్టించుకోకపోతే అది ఎలుకది అవుతుంది. పట్టించుకుంటే రెండు చేలూ మిగులుతాయి, మన కూలీ మిగులుతుంది.

ఆలోచించి చెప్పండి:
1. మారు కలుగు పక్క చేలో ఉంటే మీరేం చేస్తారు?
2. కలుగులో దొరికిన గింజలు ఎవరికి చెందాలి? ఎందుకు?

జవాబులు వ్రాసి ఇస్తే పక్కనే అంటిస్తాను.