సోలార్ పలకలపై తెల్ల మరకలు పడకుండా కడగాలంటే

ఇందిర సౌర గిరి జల వికాసం కింద సోలార్ పంపుసెట్ వచ్చిన పోడు పట్టా రైతులారా! పలకలు శ్రద్ధగా కడిగినా, ఆరినంక అద్దంపై తెల్లటి చుక్కలు మిగులుతున్నయా? లోపం మీ కష్టంలో లేదు, నీళ్లలో ఉంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైతది, ఉప్పు అద్దానికి పట్టుకుంటది. అది పొరలుగా పేరుకుంటే పలకకు ఎండ సరిగా అందదు, పంపు తక్కువ నీళ్లు పోస్తది.

పంపు బంద్ చేసి, పొద్దుగాల పలక చల్లగా ఉన్నప్పుడే కడగండి. మధ్యాహ్నం కాలిన అద్దంపై చల్లనీళ్లు పోస్తే పగలవచ్చు. కర్రలోంచే నీళ్లు పారే పొడవాటి బ్రష్ దొరికితే మంచిది, పలక ఎక్కే పని ఉండదు. ముందు పై అంచు ఫ్రేమును కడగండి. దాన్ని వదిలేస్తే అక్కడి మురికి తర్వాత కిందికి కారి చారలు పడతయి. రుద్దడం అయినంక, పట్టిపెట్టిన వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ పైనుంచి కిందికి పారించండి. వాటర్ ప్లాంటు బయటికి వదిలే నీళ్లు ఊరికే వస్తున్నయని తేవొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. బోరు నీళ్లే దిక్కయితే, ఆరకముందే రబ్బరు వైపరుతో లాగేయండి. గిన్నెలు తోమే పీచు, ఇసుక మాత్రం వద్దు. అద్దంపై పడ్డ గీత మళ్లీ పోదు.