బండ్లు లేని దారిలోనూ బ్రేకు మీద చెయ్యి

అమెరికాలోని పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అదే ఊళ్లో, నదులు కలిసేచోట మరో దారి మొదలవుతుంది. దాని పేరు గ్రేట్ అలెఘనీ ప్యాసేజ్. కొండల మధ్యగా, యాఖగేనీ, క్యాసెల్‌మన్ నదుల వెంట 150 మైళ్లు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు సాగి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ చేరుతుంది. ఒకప్పుడు రైళ్లు నడిచిన కట్ట మీద పట్టాలు తీసేసి, చాలావరకు నలగ్గొట్టిన సున్నపురాయి పరిచి 2013 నాటికి పూర్తిచేశారు. రైలు నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి వాలు ఎక్కడా రెండు శాతం దాటదు. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా చెసాపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు మీద ఇంకో 184.5 మైళ్ల దారి ఉంది. కార్లూ లారీలూ లేకుండా కొండలూ నదీలోయలూ చూస్తూ రోజుల తరబడి సైకిలు తొక్కొచ్చు.

అందుకే పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ ధైర్యంగా తీసుకెళ్తాం. బండ్లు లేవు కదా అని జాగ్రత్త కూడా ఇంట్లో వదిలేస్తాం. నేనూ అలాగే వెళ్లాను. ఎదురుగా ఒకాయన సైకిలు మీద వస్తుంటే అలవాటుకొద్దీ ఎడమకు తిప్పాను. ఆయన వస్తున్నదీ అటే. కంగారులో ఎడమ చేతి బ్రేకు గట్టిగా నొక్కాను. ముందు చక్రం కంకరలో జారింది, నేను ముందుకు పడ్డాను. అరచేతిలో దిగిన తెల్లటి పలుకుల్ని సబ్బునీళ్లతో కడిగి, ట్వీజర్‌తో ఒక్కొక్కటే తీయడానికి గంట పట్టింది. ఆ గంటలో తెలిసొచ్చినవీ, ఆ తర్వాత నేర్చుకున్నవీ ఇవి.

బయల్దేరే ముందు

చేయవలసినవి:
- బ్రేకులు చూసుకోండి. మన దగ్గర చాలా సైకిళ్లకు, మోటారు సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికాలో అమ్మే, అద్దెకిచ్చే సైకిళ్లకు సాధారణంగా ఎడమచేతిది ముందు చక్రానిది. ఖాళీ స్థలంలో పది నిమిషాలు తొక్కి చేతులకు అలవాటు చేయండి.
- టైర్లు కాస్త వెడల్పువి ఎంచుకోండి. 35 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే కంకరలో పట్టు బాగుంటుంది.
- పెద్దలూ పిల్లలూ అందరూ హెల్మెట్ పెట్టుకోండి. పిల్లలకు పెన్సిల్వేనియాలో 12 ఏళ్లలోపు, మేరీలాండ్‌లో 16 ఏళ్లలోపు ఇది చట్టమే.
- స్పేర్ ట్యూబు, గాలి పంపు, ప్యాచ్‌లు, గాయాల మందుపెట్టె, ముందూ వెనకా లైట్లు, బెల్లు సర్దుకోండి. కాలువ గట్టు దారిలో బెల్లు తప్పనిసరి.

చేయకూడనివి:
- చున్నీ, వదులు పైజామా, వేలాడే సంచీ తాడు చక్రం దగ్గరికి రానివ్వకండి. చున్నీని బిగించి కట్టండి, లేదా తీసి సంచిలో పెట్టండి.
- రోజూ తొక్కే అలవాటు లేకుండా మొదటి రోజే 60 మైళ్లు పెట్టుకోకండి. కంకర మీద అదే దూరానికి తారురోడ్డు కంటే ఎక్కువ శ్రమ పడుతుంది.

దారి మీద

చేయవలసినవి:
- కుడివైపున వెళ్లండి. దాటాలంటే ఎడమవైపు నుంచి. ముందు బెల్లు కొట్టి, "ఆన్ యువర్ లెఫ్ట్" అని వినపడేలా చెప్పండి. నడిచేవాళ్లకూ, గుర్రాలకూ దారి ఇవ్వండి.
- వేగం గంటకు 15 మైళ్లు దాటనివ్వకండి. రెండు దారులకూ అదే హద్దు.
- దిగుడులో ముందే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ మెల్లగా నొక్కండి. మలుపు మధ్యలో బ్రేకు పడితే చక్రం జారుతుంది.
- రోడ్డు అడ్డమొచ్చిన ప్రతిచోటా ఆగి, రెండు వైపులా చూసి, పిల్లల్ని దింపి దాటించండి. పది మైళ్లు కారు కనపడని పిల్లవాడికి కారు వస్తుందన్న ఊహే ఉండదు.

చేయకూడనివి:
- కార్లు రాకుండా దారి మధ్యలో పాతిన స్తంభాల దగ్గర పక్కపక్కన తొక్కకండి. ముందువాళ్ల చక్రానికి ఆనుకుని కూడా వెళ్లకండి. ముందువాళ్లు తప్పుకునేదాకా వెనకవాళ్లకు స్తంభం కనపడదు.
- ఫొటో కోసం దారి మధ్యలో ఆగకండి. సైకిలుతో సహా పక్కకు జరగండి.
- రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

అలెఘనీ దారి వాలు కంటికి ఆనదు, కాలికి తెలుస్తుంది. కంబర్లాండ్ నుంచి 24 మైళ్లు ఎక్కుతూనే ఉండాలి. అప్పుడు 2,392 అడుగుల ఎత్తున తూర్పు ఖండ విభాజకం వస్తుంది. అక్కడ ఒకవైపు పడిన వాన చుక్క అట్లాంటిక్ దారి పడుతుంది, రెండోవైపుది మెక్సికో సింధుశాఖ దారి పడుతుంది. ఎక్కేటప్పుడు ఒళ్లు తడిసేంత చెమట, దిగేటప్పుడు ఆ చెమట మీద చలిగాలి. పలచటి జాకెట్ ఒకటి చేతికందేలా ఉంచండి.

సొరంగాల్లో

అలెఘనీ దారిలోని బిగ్ సావేజ్ సొరంగం దాదాపు 3,300 అడుగులు, అంటే కిలోమీటరు పొడవు. లోపల దీపాలున్నాయి. శీతాకాలంలో మాత్రం దాని తలుపులు మూసేస్తారు. ఏప్రిల్ ప్రాంతంలోనే మళ్లీ తెరుస్తారు. కాలువ దారిలోని పా పా సొరంగం 3,118 అడుగులు. దీపాల్లేవు, గట్టు ఇరుకు, పక్కనే నీళ్లు.

చేయవలసినవి:
- లోపలికి వెళ్లేముందు చలువ కళ్లద్దాలు తీసేయండి, లైటు వేయండి. మిట్టమధ్యాహ్నపు వెలుగులోంచి వెళ్తే మొదటి క్షణాల్లో కళ్లకు ఏమీ కనపడదు.
- పా పాలో దిగి, సైకిలు నడిపించుకుంటూ కమ్మీ పట్టుకుని వెళ్లండి.

చేయకూడనివి:
- బ్రష్ సొరంగంలో అలెఘనీ దారి పక్కనే ఇప్పటికీ పర్యాటక రైలు నడుస్తుంది. రైలు లోపలుంటే, లేదా వస్తుంటే మీరు లోపలికి వెళ్లకండి, బయటే ఆగండి.
- బిగ్ సావేజ్ మూసివేత తేదీలు చూడకుండా నవంబరు, మార్చి నెలల్లో ప్రయాణం పెట్టుకోకండి.

వాన, నది, అడవి

చేయవలసినవి:
- ఉరుములు వినపడగానే దగ్గర్లోని ఊళ్లో, భవనంలో తలదాచుకోండి. గాలివాన తర్వాత దారికి అడ్డంగా చెట్లు పడి ఉంటాయి.
- వాన తర్వాత గొలుసు తుడిచి నూనె వేయండి. తడిసిన సున్నపురాయి పొడి పిండిముద్దలా గొలుసుకూ, బ్రేకులకూ పట్టి బ్రేకు పట్టు తగ్గిస్తుంది.
- సాయంత్రం మోకాళ్ల వెనక, నడుము చుట్టూ, పిల్లల తలలో పిడుదులున్నాయేమో వెతకండి. లైమ్ వ్యాధిని మోసే పిడుదు పిల్లగా ఉన్నప్పుడు గసగసాల గింజంతే ఉంటుంది. సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. తర్వాతి వారాల్లో గుండ్రటి ఎర్రమచ్చ, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి.

చేయకూడనివి:
- పిడుదు మీద కిరోసిన్, కొబ్బరినూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మన ఊళ్లో పశువులకు చేసే వైద్యం ఇక్కడ చేటు.
- మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగ ముట్టకండి. దాని దురద దురదగొండి దురదలా త్వరగా వదలదు, పైగా బొబ్బలెక్కుతుంది.
- అలెఘనీ దారిలోని ఒహాయోపైల్ ఊరి దగ్గర నది చల్లగా పిలిచినా దిగకండి. అక్కడ జలపాతం, రాళ్ల మధ్య సుడులు ఉన్నాయి.
- కాలువ పక్కనున్న పొటోమాక్ నది పొంగినప్పుడు కాలువ గట్టు మీదికి వెళ్లకండి. నీటికింద గట్టు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు.

ఆపద వస్తే

లోయల్లో ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ ఊరికి ఏ వేళకు చేరతారో ఇంట్లోవాళ్లకు చెప్పండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, పులిహోరో చపాతీలో ఒక పూటకు సరిపడా తిండి వెంట ఉంచండి. శాకాహారులకు చిన్న ఊళ్లలో దొరికేది తక్కువ.

దారి పొడవునా మైలు గుర్తులుంటాయి. దాటిన ప్రతి గుర్తూ మనసులో పెట్టుకోండి. 911కు ఫోన్ చేస్తే ఆ అంకెతోపాటు దారి పేరు కూడా చెప్పండి. అలెఘనీ దారికి సున్నా మైలు కంబర్లాండే, అదే ఊరు కాలువ దారికి 184.5వ మైలు. ఉత్త "ఇరవయ్యో మైలు" అంటే, అది కొండ మీదా, వాషింగ్టన్ దగ్గరా అన్నది వచ్చేవాళ్లకు తెలియదు.

పడ్డవాళ్లను వెంటనే లేపకండి. తల, మెడ నొప్పి అంటే కదపకుండా దుప్పటి కప్పి సాయం కోసం చూడండి. దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్లీ వాడకండి.

నాన్నగారిని మొదటిసారి సైకిలెక్కిస్తున్నా, బిడ్డకు సైకిలు మీద నిలదొక్కుకోవడం నేర్పుతున్నా ఈ దారులకంటే మంచిచోటు తక్కువ. ఈ వేసవిలో తప్పకుండా తీసుకెళ్లండి. ఎక్కేముందు మాత్రం వాళ్ల ఎడమచేతిని బ్రేకు మీద పెట్టి, "ఇది ముందు చక్రానిది, మెల్లగా నొక్కు" అని ఒక్కసారి చెప్పండి.