పన్ను సున్నా అయినా లేటు ఫీజు తప్పదు

‘పన్నెండు లక్షల దాకా పన్నే లేదట, ఇంక రిటర్న్ ఎందుకు?’ అనేవాళ్లు ఎక్కువయ్యారు. పన్ను పడకపోవడం వేరు, రిటర్న్ అక్కర్లేకపోవడం వేరు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు వారికి పన్ను సున్నా అయ్యేది రిబేటు వల్ల. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. గడువు దాటాక వేస్తే 5 లక్షల లోపు ఆదాయానికి 1,000, ఆపైన 5,000 రూపాయల దాకా లేటు ఫీజు. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ అదనం.

చేయవలసినవి

• జీతం, పింఛను మీద బతికేవారు జులై 31 లోపు రిటర్న్ వేయండి. అంతకన్నా ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ (మీ పేర జమైన పన్ను లెక్క), ఏఐఎస్ (ఏడాది లావాదేవీల వివరం) తెరిచి బ్యాంకు వడ్డీ, షేర్ల అమ్మకాలు సరిచూసుకోండి.

• కాగితాలు చేతికి రాకపోయినా, లెక్కగట్టి పన్ను మాత్రం గడువులోపే కట్టేయండి. వడ్డీ లెక్కలో ఒక్క రోజు దాటినా నిండు నెలే. 40,000 బాకీతో అక్టోబరు 3న రిటర్న్ వేస్తే మూడు నెలల వడ్డీ 1,200. లేటు ఫీజు దానికి వేరు.

• రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి. అది దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. జులైలో వేసింది కూడా ఆలస్యమైపోతుంది.

• టీడీఎస్ పోగా పన్ను 10,000 లేదా అంతకు మించితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీల్లోపు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టండి. వ్యాపారాదాయం లేని, దేశంలోనే నివసించే 60 ఏళ్లు నిండినవారికి ఇది అక్కర్లేదు.

చేయకూడనివి

• 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించారని ప్రతి ఏడాదీ పొడిగింపు కోసం ఎదురుచూడకండి.

• రిబేటు అన్నిటికీ వర్తిస్తుందనుకోకండి. కొత్త విధానంలో షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి అది లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ అద్దెలు తీసుకునే ఎన్నారైలకు అసలే లేదు.

• కమీషన్ తీసుకుని ఎక్కువ రిఫండ్ ఇప్పిస్తామనే వారి మాట వినకండి. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళాలు చూపితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడొచ్చు. అది పడేది మీ పాన్ మీదే.

• డిమాండ్ నోటీసును పక్కన పడేయకండి. 30 రోజుల్లో కట్టకపోతే మళ్లీ నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. తప్పనిపిస్తే పోర్టల్‌లోనే అభ్యంతరం చెప్పండి.

• ‘జరిమానా వెంటనే కట్టండి’ అంటూ వచ్చే ఎస్సెమ్మెస్, వాట్సాప్ లింకులు నొక్కకండి. ఆదాయపు పన్ను పోర్టల్‌ను మీరే తెరిచి, నోటీసు మీది గుర్తింపు సంఖ్య (డిన్) అసలుదో కాదో చూసుకున్నాకే ఏదైనా కట్టండి.