రీవర్కా, స్క్రాపా?

డ్రాయింగ్‌లో రంధ్రం సైజు 25 హెచ్7 అని ఉంటే, కచ్చితంగా 25 మిల్లీమీటర్లే రావాలని కాదు. 25.000 నుంచి 25.021 వరకు ఎంతొచ్చినా పార్టు పాసే. టూల్ అరుగుతుంది, మెషీన్ అదురుతుంది, లోహం వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే ఆ 21 మైక్రాన్ల టాలరెన్స్. దాన్ని ఇంకా బిగిస్తే ఖర్చు పెరుగుతుందే తప్ప, షాఫ్ట్ అంతకంటే బాగా తిరగాలనేం లేదు.

ఇదంతా చదువుతాం, పరీక్షలో రాస్తాం కూడా! మన దాకా వచ్చేసరికి మాత్రం 9.2 జీపీఏ వచ్చినవాడూ మొహం వేలాడేసుకుంటాడు.

ఇన్‌స్పెక్షన్‌లో తేడా వచ్చిన పార్టులన్నిటినీ ఒకే డబ్బాలో పడేయరు. రంధ్రం చిన్నదైతే మళ్లీ రీమర్ పెట్టి సరిచేస్తారు. అది రీవర్క్. పెద్దదైపోతే కోసేసిన లోహం తిరిగి రాదు కాబట్టి, మామూలుగా అది స్క్రాప్. బ్యాక్‌లాగ్ మొదటి రకం. సప్లీ పెట్టేదే అందుకు. కానీ రిజల్ట్స్ వచ్చిన రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసి, గది తలుపేసుకున్నవాడు తనని తాను రెండో డబ్బాలో వేసుకుంటున్నాడు. వాడు మెస్‌కి రాకపోతే వెళ్లి తలుపు కొట్టండి. ముందు "తిన్నావారా?" అని అడగండి. మార్కుల సంగతి రేపు చూసుకోవచ్చు.