వసంతాంతంలో అండమాన్: నైఋతి తొలి అడుగు

భారతదేశ పటంలో బంగాళాఖాతపు నీలిమపై ఉత్తర దక్షిణాలుగా చుక్కల వరుసవలె కనిపించేవి అండమాన్ నికోబార్ దీవులు. చిన్నా పెద్దా కలిపి ఇవి ఐదు వందలకు పైగా ఉన్నాయి. మనుషులు నివసించేవి మాత్రం చాలా కొద్ది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ముఖ్యపట్టణం పేరు నేడు శ్రీ విజయపురం. విహారయాత్రికునికి ఈ దీవులంటే తెల్లని ఇసుక తీరాలు, పగడపు దిబ్బలు. వాతావరణ శాస్త్రజ్ఞునికి ఇవి నైఋతి ఋతుపవనం మన గడ్డపై ఏటా తొలి అడుగు వేసే చోటు. ఆ అడుగు పడేది వసంతం ముగిసే మే నెలలోనే.

ఒకే నెల, రెండు ఎండలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో బెల్తరా ఉన్నది. బెంగాల్-నాగపూర్ రైల్వే నాటి నుండి ఈ ప్రాంతానికి అనేక తెలుగు కుటుంబాలు ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడినాయి. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. 45 డిగ్రీలను తాకే రోజులూ ఉంటాయి. అదే నెలలో శ్రీ విజయపురంలో పగటి ఉష్ణోగ్రత 31, 32 డిగ్రీల వద్దనే నిలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుముడి ఉన్నది. శ్రీ విజయపురం భూమధ్యరేఖకు సుమారు 11 డిగ్రీల 40 నిమిషాల ఉత్తరాన ఉన్నది. అక్కడ ఏప్రిల్ 20 ప్రాంతంలోనే సూర్యుడు మధ్యాహ్నవేళ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బిలాస్‌పూర్ ప్రాంతంలో ఆ స్థితి మే నెలాఖరుకు గాని రాదు. మరి సూర్యుడు ముందుగా నడినెత్తికి వచ్చే చోట ఎండ ఎందుకు తక్కువ?

సమాధానం సముద్రంలో ఉన్నది. నేల త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. నీరు నిదానంగా వేడెక్కి, ఆ వేడిని చాలాకాలం దాచుకుంటుంది. అంతేగాక సముద్రంపై పడిన వేడిలో అధికభాగం నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. కనుక దీవులలో వేడి తక్కువ, తేమ ఎక్కువ. ఒంటిపై చెమట ఆరదు. బెల్తరాలో వడగాలి మనిషిని ఎండబెడితే, అండమాన్‌లో ఉక్క మనిషిని తడిపి అలసింపజేస్తుంది.

గాలి దిక్కు మారే వేళ

ఫిబ్రవరి, మార్చి నెలలు దీవులలో పొడి మాసాలు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట ఏప్రిల్ వచ్చేసరికి తాగునీటికి కటకట ఏర్పడుతుంది. చుట్టూ సముద్రమున్నా తాగేందుకు వాననీరే ఆధారం. శ్రీ విజయపురానికి నీరందించే ధనిఖారి జలాశయంలో మట్టం తగ్గినకొద్దీ పట్టణవాసుల చూపు నైఋతి దిక్కుకు మళ్లుతుంది.

ఏప్రిల్, మే మాసాలలో బంగాళాఖాతపు ఉపరితల జలం 29, 30 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఉత్తర భారతదేశపు నేల అంతకంటె ఎంతో అధికంగా కాగి, అక్కడ అల్పపీడనం ఏర్పడుతుంది. దక్షిణార్ధగోళం నుండి వచ్చే గాలులు భూమధ్యరేఖను దాటగానే, భూభ్రమణ ప్రభావం వలన కుడివైపునకు మళ్లి, నైఋతి గాలులవుతాయి. ఇవి సముద్రంపై వేల కిలోమీటర్లు ప్రయాణించి తేమను మోసుకువస్తాయి. ఈ దారిలో మన దేశానికి చెందిన నేలలో ముందుగా ఎదురయ్యేవి నికోబార్, అండమాన్ దీవులు. అందుచేతనే మే ఒక్క నెలలో శ్రీ విజయపురంలో 300 మిల్లీమీటర్లకు పైగా వర్షపాతం సగటున నమోదవుతుంది.

తొలి అడుగుతో తొందరపడరాదు

భారత వాతావరణ శాఖ 2020లో సవరించిన లెక్క ప్రకారం అండమాన్‌కు ఋతుపవనం చేరే సాధారణ తేదీ మే 22. కేరళకు జూన్ 1. దీవులలో ముందుగా వాన పడితే మనకూ ముందుగానే పడునని కొందరు భావిస్తారు. అనుభవం వేరుగా ఉన్నది. 2023లోను, 2024లోను ఋతుపవనం నికోబార్ ప్రాంతానికి మే 19వ తేదీనే చేరింది. కాని కేరళకు 2023లో జూన్ 8న, 2024లో మే 30న వచ్చింది. బయలుదేరిన రోజు ఒకటే అయినా ఒక ఏడు 20 రోజులు, మరొక ఏడు 11 రోజులు పట్టినవి. 2025లో మే 13న దీవులను తాకి, మే 24కే కేరళ చేరింది. కనుక అండమాన్ వాన శుభవార్తయే గాని, విత్తనం వేయుటకు అనుమతిపత్రం కాదు. ఆ వార్త విని దుక్కి సిద్ధం చేసుకొనవచ్చును. విత్తుటకు మాత్రం తన పొలం తడిసేవరకు రైతు ఆగవలసినదే.

సముద్రం మీద బ్రతుకులు

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. వారిలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్లిన మత్స్యకారులు వీరిలో ఎందరో ఉన్నారు. ముఖ్యపట్టణంలోని జంగ్లీఘాట్ వీరికి ప్రసిద్ధ స్థావరం. తూర్పు తీరంతో పాటు ఈ దీవులకు కూడ ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లుపెట్టి సంతతిని పెంచుకొనే కాలమిది.

ఈ కాలం తుఫానులది కూడ. 2008 ఏప్రిల్ చివర బంగాళాఖాతంలో పుట్టిన నర్గీస్ మే నెలలో మయన్మార్‌లో లక్షమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 2023 మేలో మోఖా కూడ అదే దేశపు తీరాన్ని తాకింది. యాత్రికులకు ప్రియమైన స్వరాజ్ ద్వీపంలోని రాధానగర్ తీరం పడమటి ముఖంగా ఉన్నది. శీతకాలంలో ప్రశాంతంగా ఉండే ఆ కడలి, నైఋతి గాలి వీచగానే ఉగ్రరూపం దాలుస్తుంది. ప్రమాద సూచిక ఎగిరిన నాడు ఒడ్డున నిలిచి చూడడమే వివేకం.

నక్షత్రం ఒకటే

సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించే మే 25 నుండి తొమ్మిది రోజులను హిందీ ప్రాంతాలవారు ‘నౌతపా’ అంటారు. అదే వేళ మనకు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండల కాలం. పేర్లు రెండు, నక్షత్రం ఒకటే, తాపమూ ఒకటే. కాని ఆ నాటికి అండమాన్‌లోని తెలుగువారి ముంగిట సాధారణంగా వాన కురుస్తూ ఉంటుంది. పూర్వుల పంచాంగం తప్పు కాదు. అది పుట్టిన నేలకు అది సరియైనది. నేల మారినప్పుడు ఆకాశాన్ని తిరిగి చదువుకొనవలసి ఉంటుంది. దీవులకు వెళ్లినవారు ఆ పని చేసినారు.

విద్యార్థులు ఈ పాఠాన్ని స్వయంగా పరీక్షించవచ్చును. మే 15 నుండి జూన్ 20 వరకు వార్తలలో చెప్పే ఋతుపవన స్థానాన్ని దినదినమూ దేశపటంపై గుర్తించి, పక్కన తమ ఊరి ఎండను, వానను వ్రాసుకొనవలెను. నికోబార్‌లో మొదలైన గీత కేరళను, జూన్ మొదటి రోజులలో ఆంధ్ర సీమను, నెల నడిమికి ఛత్తీస్‌గఢ్‌ను దాటుతుంది. జంగ్లీఘాట్ కప్పుపై మోగిన ఋతువే కొద్ది వారాలకు బెల్తరా వరిమడిలో నీరై నిలుస్తుందని ఆ గీతయే వారికి చూపుతుంది.